ఫైరింజను నెత్తి మీద దీపం ఎవరిది?

సంఘం కార్యదర్శి గారు ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఆర్. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటె బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, బండ్ల కాగితాల మధ్యనే సర్వీసంతా గడిపినవాణ్ణి. అందుచేత బండికి సంబంధించిన ఒక చిన్న విషయం చరిత్రను నాకు తెలిసిన మేరకు మీ ముందుంచుతున్నాను. అది ఫైరింజను నెత్తి మీద తిరిగే దీపం సంగతి. చిన్న విషయమే గాని, దాని వెనుక ఒక నిబంధన ఉంది. ఆ నిబంధన నడిచిన తీరులో నా తప్పు కూడా కొంత ఉంది. అది కూడా దాచకుండా చెబుతాను.

గంట మోగిన రోజులు

మన చిన్నతనంలో ఫైరింజను అంటే దీపం కాదు, గంట. ఎర్రరంగు బండి, దానికి వేలాడే ఇత్తడి గంట, దాని తాడు పట్టుకుని ఆపకుండా వాయించే ఫైర్‌మన్. ఆ చప్పుడు వినపడితే వీధిలో పిల్లలందరం అరుగుల మీదికి ఎక్కేవాళ్ళం. రోడ్డు మీద ఉండేవి ఎడ్లబండ్లు, రిక్షాలు, సైకిళ్ళు. మోటారు బండ్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అద్దాలు బిగించి, లోపల పాటలు పెట్టుకునే కార్లు ఎక్కడున్నాయి? గంట అందరికీ వినపడేది, అందరూ తప్పుకునేవారు.

మన దేశంలో బొంబాయి నగరానికి మోటారు ఫైరింజను 1907లో వచ్చింది. అంతకు ముందు గుర్రాలు లాగే బండ్లే. మద్రాసులో అగ్నిమాపక దళం 1908లో మొదలయింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కనుక మన అగ్నిమాపక శాఖ వంశవృక్షంలో ఆ దళానికి చోటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. అందులో ఒక పక్క పత్తి బేళ్ళు, మరో పక్క పేలుడు సామగ్రి. ఆర్పడానికి వెళ్ళిన వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ఆ పేలుళ్ళలో ప్రాణాలు కోల్పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వారి స్మృతి చిహ్నంగానే.

కాలక్రమాన గంట పోయి సైరను వచ్చింది. రోడ్డు మీద రద్దీ పెరిగేకొద్దీ చెవితో పాటు కంటికి కూడా చెప్పవలసి వచ్చింది. అలా దీపం నెత్తికెక్కింది.

ముందు తెలుపు, వెనుక ఎరుపు

దీపాల విషయంలో చట్టం మొదటి సూత్రం చాలా సులువైనది. బండి ముందు భాగంలో ఎర్ర దీపం కనపడరాదు. వెనుక భాగంలో ఎరుపు తప్ప వేరే దీపం కనపడరాదు. చీకట్లో బండి ఆకారం తెలియదు, దీపమే తెలుస్తుంది. తెలుపు కనపడితే ఎదురొస్తున్నదని, ఎరుపు కనపడితే మన ముందు పోతున్నదని గ్రహిస్తాం. ఈ రెండూ తారుమారయితే ఎదురొచ్చే బండిని ముందు పోయే బండి అనుకుని దాని మీదికే పోతాం. కనుక ముందు వైపు ఎర్ర దీపం అంటే మామూలుగా చూస్తే ఒక అబద్ధం. ఆ అబద్ధం ఆడటానికి ఎవరికి అనుమతి ఇవ్వాలన్నదే ఈ కథంతా.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం మొదట 1914లో, తర్వాత 1939లో, ఆ తర్వాత 1988లో వచ్చింది. 1988 చట్టం 1989 జూలై 1 నుండి అమలయింది. దాని కింద కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వచ్చాయి. ఆ రోజుల్లో మా ఆఫీసులో పాత రూళ్ళ పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టి, కొత్త పుస్తకం ఒక్కటే నలుగురు గుమాస్తాలం పంచుకుని చదివాం.

ఫైరింజను విషయంలో చట్టం ఏమంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. చట్టం 66వ సెక్షను ప్రకారం రవాణా వాహనానికి పర్మిట్ ఉండాలి. అదే సెక్షనులో మూడవ ఉపవిభాగం కొన్ని బండ్లకు మినహాయింపు ఇచ్చింది. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు పనులకు మాత్రమే వాడే బండ్లకు పర్మిట్ అక్కరలేదు. తమాషా ఏమిటంటే, దాని వెనుక క్లాజే శవాలను మోసే బండ్లది. చట్టం రాసినవారు ఆ వరుస కావాలని పెట్టారో లేదో గాని, మా సూపరింటెండెంటు గారు మాత్రం "మొదటి బండికి దారి ఇవ్వకపోతే రెండోది పిలవాలి" అనేవారు.

పర్మిట్ నుండి మినహాయింపు ఉంది గాని దీపాల నుండి లేదు. హెడ్‌లైట్లు, వెనుక ఎర్ర దీపాలు, బ్రేకు దీపం, నంబరు పలక మీద పడే తెల్ల దీపం, ఎదుటివారి కళ్ళు మిరుమిట్లు గొలపకుండా లైటును కిందికి దించే ఏర్పాటు, అన్నీ ఫైరింజనుకు కూడా ఉండి తీరాలి. మంటను ఆర్పడానికి పోతున్నా అది కూడా రోడ్డు మీద ఒక బండే. సైరను విషయంలో మాత్రం 119వ రూలు వెసులుబాటు ఇచ్చింది. రకరకాల స్వరాలతో మోగే హారను ఇతరులకు నిషేధం. అంబులెన్సుకు, అగ్నిమాపక బండికి, విధి నిర్వహణలో ఉన్న పోలీసు బండికి రిజిస్టరింగ్ అధికారి ఆమోదించిన ధ్వని పెట్టుకోవచ్చు.

మూడు నూట ఎనిమిదులు

దీపం రంగుల సంగతి చెప్పే రూలు నంబరు 108. మన తెలుగువారికి 108 అంటే ముందు అష్టోత్తరం గుర్తుకొస్తుంది, తర్వాత 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన అంబులెన్సు సర్వీసు గుర్తుకొస్తుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. అమెరికాలో 1968 నుండి అమలులో ఉన్న వాహన దీపాల ప్రమాణం నంబరు కూడా 108. అక్కడ కూడా పద్ధతి ఇంచుమించు ఇదే. ఫైర్ ట్రక్కు తయారు చేసేవారు మామూలు లారీకి పెట్టవలసిన దీపాలన్నీ దానికి పెట్టాలి. పైన పెట్టే హెచ్చరిక దీపాల రంగు, సంఖ్య రాష్ట్రాల చట్టాలు నిర్ణయిస్తాయి. అయితే ఆ అదనపు దీపాలు అసలు దీపాలను కప్పేయరాదు, వాటి ప్రయోజనాన్ని దెబ్బ తీయరాదు.

మన 108వ రూలుకు తిరిగి వద్దాం. ముందు వైపు ఎర్ర దీపం పనికిరాదన్న మాట వెంటనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అంబులెన్సుకు ఊదారంగు అద్దంతో ఆరి వెలిగే ఎర్ర దీపం పెట్టవచ్చు. కేంద్ర ప్రభుత్వం గాని, రాష్ట్ర ప్రభుత్వం గాని పేర్కొన్న ఉన్నత ప్రముఖులు ప్రయాణించే బండికి పెట్టవచ్చు. నేను రోజూ చూసిన ఆ మినహాయింపుల వరుసలో ప్రముఖులకు ఒక క్లాజు ఉంది, ఫైరింజనుకు పేరు పెట్టి విడిగా క్లాజు లేదు. అత్యవసర విధుల్లో ఉండే బండ్లకు ఎరుపు, నీలం, తెలుపు కలిసిన దీపం అన్న మాట తర్వాత సవరణల్లో చేరింది.

ప్రముఖుల క్లాజులో "పేర్కొన్న" అన్న మాట ఉంది చూశారా, అక్కడే తలుపు తెరుచుకుంది. ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క జాబితా తయారు చేసింది. జాబితాలో ఉన్నవారు కొందరు, జాబితాలో లేకుండానే పెట్టుకున్నవారు ఎందరో. 1990 దశకంలో జిల్లా కేంద్రంలో నాలుగు రోడ్ల కూడలిలో ఒక పూట నిలబడితే ఎన్ని ఎర్ర దీపాలు కనపడేవో మీ అందరికీ తెలుసు.

ఆ కాగితం

ఇక నా సంగతి. 1996 వేసవి. కోస్తాలో ఒక జిల్లా ఆఫీసులో పని చేస్తున్నాను. స్థానికంగా ఒక పదవిలో ఉన్న పెద్దమనిషి తన కారుకు ఎర్ర దీపం పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని కాగితం కావాలని అర్జీ పెట్టారు. జాబితాలో ఆయన పదవి లేదు. నేను నోటులో రాయవలసింది ఒక్కటే వాక్యం: "జాబితాలో లేదు కనుక వీలు కాదు." నేను రాసింది వేరు: "వారి విధుల స్వభావాన్ని దృష్టిలో ఉంచుకుని పరిశీలించవచ్చును." ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను, అంతే. ఫైలు పైకి వెళ్ళి సంతకంతో తిరిగి వచ్చింది. కాగితం నేనే టైపు చేసి పంపాను.

అదే వేసవిలో మా అక్కయ్య గారి ఊళ్ళో మధ్యాహ్నం వేళ ఒక పాక అంటుకుంది. వడగాడ్పుకు వరుసలో ఉన్న పాకలన్నీ అందుకున్నాయి. అక్కయ్య వాళ్ళ ఇల్లు పెంకుటిల్లు కనుక నిలబడింది గాని గడ్డివాము, గొడ్ల చావిడి పోయాయి. చావిడిలో కట్టేసిన రెండు పాడిగేదెలు పోయాయి. మనుషులకు ఏమీ కాలేదు, అంతవరకు దేవుడి దయ. నేను వెళ్ళేసరికి అక్కయ్య బూడిద ముందు కూర్చుని ఉంది. "ఒరే తమ్ముడూ, ఫైరింజను అరగంట ముందొస్తే గేదెలైనా దక్కేవిరా" అంది. బావగారికి ఆ పాల డబ్బులే ఇల్లు నడిపేవి.

తర్వాత కొద్ది రోజులకు ఆ ఫైరింజను ఫిట్‌నెస్ కోసం మా ఆఫీసు ఆవరణలోకి వచ్చింది. డ్రైవర్ ఆపరేటరు నడివయస్కుడు, మంచి మాటకారి. ఆ ఊరి మంట సంగతి నేనే కదిపాను. అది మా అక్కగారి ఊరని చెప్పలేదు.

"కాలవ వంతెన దగ్గర ఆగిపోయాం సార్. ఎవరో పెద్దాయన తాలూకు కార్లు వరసగా వంతెనెక్కాయి. సైరను కొడుతూనే ఉన్నాను. ముందు కారు మీద ఎర్ర దీపం, నా బండి మీద ఎర్ర దీపం. ఎవరు ఎవరికి దారివ్వాలో మీరే చెప్పండి. రోడ్డు మీద మిగతావాళ్ళ సంగతి సరేసరి. అద్దంలో ఎర్ర దీపం చూసి, ఎవరో ఆఫీసరు వస్తున్నాడులే, కాసేపు ఆగనీ అనుకుంటున్నారు. ఫైరింజనని తెలిసేసరికి ఆలస్యమైపోతోంది."

ఆ వంతెన మీద ఉన్నది ఎవరి కారో నాకు తెలియదు. నేను కాగితం ఇచ్చిన కారు కాకపోవచ్చు. కాని ఆ డ్రైవరు అడిగిన ప్రశ్నకు జవాబు నా బల్ల మీది పుస్తకంలో ఉంది, నేనే దానికి పక్కదారి చూపించాను. ఎర్ర దీపం అందరికీ పంచిపెట్టాక అది ఎవరికీ పనికిరాకుండా పోయింది. ప్రముఖుడికి పోయేదేమీ లేదు, ఒక పది నిమిషాలు. మంట దగ్గర ఆ పది నిమిషాలకు ఒక చావిడి, రెండు గేదెలు.

తీర్పు, ఉత్తర్వు

కేంద్ర ప్రభుత్వం 2002 జనవరి 11న ఒక నోటిఫికేషన్ ద్వారా ఎర్ర దీపానికి అర్హుల జాబితా ఇచ్చింది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, భారత ప్రధాన న్యాయమూర్తి, లోక్‌సభ స్పీకరు మొదలైనవారు అందులో ఉన్నారు. 2005లో దానికి సవరణ వచ్చింది. రాష్ట్రాల జాబితాలు మాత్రం పొడుగవుతూనే పోయాయి.

చివరకు వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. అభయ్ సింగ్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ రాష్ట్రం అనే కేసులో 2013 డిసెంబరు 10న జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ నాగప్పన్ గార్ల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎర్ర దీపాన్ని హోదా చిహ్నంగా వాడుకోవడం పరాయి పాలన నాటి మనస్తత్వమని ఘాటుగా అన్నది. రాజ్యాంగ పదవుల్లోని అత్యున్నతులకు మాత్రమే ఎర్ర దీపం ఉండాలన్నది. అదే తీర్పులో అంబులెన్సులకు, ఫైరింజన్లకు, పోలీసు బండ్లకు ఎర్ర దీపం హక్కు లేదని, నీలం, తెలుపు, పలురంగుల దీపాలు వాడుకోవాలని చెప్పింది. అప్పటికి నేను రిటైరయ్యాను. పేపర్లో అది చదివి ఒకటికి రెండుసార్లు ఆలోచించాను. మన కళ్ళకు ఎరుపు, ఫైరింజను అన్న మాటలు కవలలు. ఆ ఎరుపును ఫైరింజను దగ్గర తీసుకుని పెద్దలకు ఉంచారే అని మొదట బాధ కలిగింది. తర్వాత అర్థమయింది. ఒకే రంగు ఇద్దరి దగ్గరా ఉంటే ఆ డ్రైవరు ప్రశ్న అలాగే ఉండిపోతుంది. రెండూ వేరు చేయడమే దానికి విరుగుడు.

నాలుగేళ్ళు తిరగకముందే ఆ మిగిలిన ఎరుపు కూడా పోయింది. 2017 ఏప్రిల్ 19న కేంద్రం నిర్ణయం ప్రకటించింది, మే 1 నుండి అమలు చేసింది. 108వ రూలు నుండి ప్రముఖుల క్లాజును తీసివేశారు. రాష్ట్రపతి మొదలు ఎవరికీ మినహాయింపు లేదు. ఎరుపు, నీలం, తెలుపు కలిసిన దీపం మాత్రం కొన్ని విధులకు ఉంచారు. ఆ విధుల వరుసలో మొదటిది అగ్ని నియంత్రణ. తర్వాత శాంతిభద్రతలు చూసే పోలీసు, రక్షణ, పారామిలిటరీ దళాలు, ఆ తర్వాత ప్రకృతి వైపరీత్యాలు, ఇతర విపత్తుల నిర్వహణ. 1989 పుస్తకంలో నాకు కనపడని పేరు 2017లో అన్నిటికంటె ముందు వచ్చింది.

అదే 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు అత్యవసర వాహనాలు ఒకదానికొకటి ఎదురైనా ఎవరిది ముందో చెప్పాయి. అగ్నిమాపక బండి, అంబులెన్సు, పోలీసు బండి, ఇదీ వరుస. 2019లో చట్టానికి సవరణ చేసి 194-ఇ సెక్షను చేర్చారు. ఫైరింజనుకు గాని, అంబులెన్సుకు గాని పక్కకు తప్పుకుని దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ.

దీపానికీ హద్దులున్నాయి

ఇక్కడ ఫైరింజను పక్షాన మాత్రమే మాట్లాడి ఊరుకుంటే న్యాయం కాదు. దీపం ఉన్నంత మాత్రాన ఆ డ్రైవరు ఏమైనా చేయవచ్చునని చట్టం అనలేదు. అత్యవసరంలో సిగ్నలు దాటవచ్చు, వేగపరిమితి మించవచ్చు, అవసరమైతే ఎదురు దిశలో కూడా పోవచ్చు. కాని దీపం, సైరను రెండూ పని చేస్తుండాలి, తగిన జాగ్రత్త తీసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యమైనది, విధిలో లేనప్పుడు ఆ పలురంగుల దీపం వెలిగించరాదు. మంట ఆర్పి స్టేషనుకు తిరిగి వచ్చేటప్పుడు ఫైరింజను కూడా మామూలు బండే. దీపం బండిది కాదు, బండిలో ఉన్నవారిదీ కాదు. అప్పటి పనిది.

రంగుల సంగతి కూడా రెండు మాటలు. ఎర్ర వెలుగు గాలిలో తక్కువగా చెదురుతుంది, పగటిపూట కన్ను దాన్ని బాగా పట్టుకుంటుంది. చీకటి పడేకొద్దీ మన కంటికి ఎరుపు మసకబారి నీలం ప్రకాశిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు ఈ సంగతి గమనించాడు. సందె వేళ పెరట్లో మందార పువ్వు నల్లబడి, శంఖుపువ్వు తేటగా కనపడటం మీరూ చూసే ఉంటారు. కనుక ఎరుపు, నీలం రెండూ ఉంటే పగలూ రాత్రీ కూడా పనికొస్తుంది.

దీపాలు ఎక్కువయితే మేలన్నది కూడా నిజం కాదు. అమెరికాలో జాతీయ అగ్ని రక్షణ సంఘం ప్రమాణాల ప్రకారం ఫైర్ ట్రక్కు దారి అడుగుతూ పోయేటప్పుడు ఒక తీరు దీపాలు, రోడ్డు మీద ఆగి పని చేసేటప్పుడు మరో తీరు. ఆగినప్పుడు తెల్లగా మెరిసే హెచ్చరిక దీపాలు ఆరిపోవాలి. అవి ఎదురొచ్చే డ్రైవరు కళ్ళలో పడితే బండి కనపడుతుంది గాని దాని పక్కన గొట్టం పట్టుకుని నిలబడ్డ మనిషి కనపడడు. 2009 నుండి అక్కడ ట్రక్కు వెనుక భాగంలో కనీసం సగం మేర వెలుగును తిప్పికొట్టే ఏటవాలు చారలు ఉండాలని కూడా పెట్టారు. కరెంటు అక్కరలేని దీపమన్నమాట.

మన వంతు

మనలో చాలామందికి ఇప్పుడు బండి నడిపే ఓపిక లేదు. కొడుకో, కూతురో, మనవడో నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుంటాం. పక్క సీటువాడికి చూసే తీరిక ఉంటుంది. వెనుక నుండి ఎరుపు నీలం దీపం కనపడితే చెప్పండి. ఎడమ పక్కకు తీసి ఆపమనండి. రోడ్డు మధ్యలో ఉన్నపళంగా బ్రేకు వేయవద్దనండి. ఫైరింజను వెళ్ళిపోయిన తర్వాత ఆ ఖాళీలో దాని వెంటపడి దూసుకుపోవద్దనండి. మన వీధిలో కారు అడ్డంగా పెట్టుకున్న ఇరుగుపొరుగువారికి కూడా, మాట పడినా సరే, ఒకసారి చెప్పండి. ఫైరింజను ఆగిపోయేది ఎక్కువగా అటువంటి సందుల్లోనే.

అక్కయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ నోటు సంగతి ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టి, అన్నం పెట్టేది. ఆ ఫైలు ఏ రికార్డు గదిలోనో చెదలు పట్టి ఉంటుంది. అది ఇప్పుడు ఏ కారుకూ చెల్లదు. 2017 మే 1న టి.వి.లో వార్త చూసి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.